తేలికపాటి విమాన ఇంజనులో తడబాటు - కారణ నిర్ధారణ: రామచంద్రపురం ప్రాంత వాతావరణ నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

నాలుగు సిలిండర్ల పిస్టను ఇంజనుతో నడిచే శిక్షణ విమానాల్లో ఇంజను తడబాటుకు దారితీసే కారణాలను, వాటిని ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. జ్వలన వ్యవస్థ, ఇంధన మిశ్రమం, కార్బురేటరులో మంచు, వాల్వుల లోపం అనే నాలుగు మూలాలను పరిశీలిస్తుంది. గోదావరి తూర్పు డెల్టా వంటి తేమ ప్రదేశంలో కార్బురేటరు మంచుకు ప్రత్యేక ప్రాధాన్యం ఉందని, విమానం నేలకు దిగేసరికి ఆ సాక్ష్యం కరిగిపోతుంది కనుక పైలటు గాలిలో గమనించిన అంశాలే నిర్ధారణకు ఆధారమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పిస్టను ఇంజను, మాగ్నెటో, కార్బురేటరు మంచు, ఇంధన మిశ్రమం, చల్లని సిలిండరు పరీక్ష, గోదావరి డెల్టా.

1. ఉపోద్ఘాతం

వరికోతల కాలంలో ట్రాక్టరు ఇంజను లయ తప్పితే మెకానిక్కు నోట వచ్చే మాట 'మిస్ కొడుతోంది' అని. అన్ని సిలిండర్లూ తిరుగుతున్నాయి, కానీ వాటిలో ఒకటి పని చేయడం లేదని ఆ మాటకు అర్థం. అనుభవమున్న డీజిల్ మెకానిక్కు వెంటనే ఇంజను విప్పడు. ఇంజను నడుస్తుండగానే ఒక్కొక్క సిలిండరుకు ఇంధనం వెళ్లే గొట్టపు నట్టును కొద్దిగా వదులు చేస్తాడు. ఏ నట్టు వదిలినప్పుడు ఇంజను శబ్దంలో మార్పు రాదో, ఆ సిలిండరు అంతకుముందే పని మానేసిందని తేల్చుకుంటాడు. విప్పకముందే అనుమానాన్ని నాలుగింటి నుంచి ఒకదానికి కుదించడం ఈ పద్ధతిలోని కీలకం. తేలికపాటి విమాన ఇంజను విషయంలోనూ నిర్ధారణ ఇదే తర్కం మీద నడుస్తుంది.

తేడా పర్యవసానంలో ఉంది. ట్రాక్టరును గట్టు పక్కన ఆపవచ్చు. రామచంద్రపురం మీదుగా 3,000 అడుగుల ఎత్తున ఎగురుతున్న సెస్నా 172 విమానంలో ఇంజను పూర్తిగా ఆగితే, గాలి లేని వాతావరణంలో అది జారుకుంటూ వెళ్లగలిగేది సుమారు 8 కిలోమీటర్లు మాత్రమే. సమీపంలోని రాజమహేంద్రవరం విమానాశ్రయం మధురపూడిలో ఉంది. నేరుగా కొలిచినా అది 35 కిలోమీటర్లకు తక్కువ కాదు. కిందనున్నవి నీరు నిలిచిన వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు, ఆవల గౌతమీ పాయ. బురదలో ముందుచక్రం దిగబడితే విమానం తలకిందులు కావడానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి తడబాటు మొదలైన తొలి నిమిషాల్లో పైలటు ఏం చేశాడు, ఏం గమనించాడు అన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం.

2. తడబాటు స్వభావం

సెస్నా 152 విమానంలోని లైకమింగ్ ఓ-235, సెస్నా 172 విమానం పాత నమూనాల్లోని లైకమింగ్ ఓ-320 ఇంజనులు రెండూ నాలుగు సిలిండర్లవి, గాలితో చల్లబడేవి, నాలుగు స్ట్రోకుల చక్రంతో పనిచేసేవి. పంకా నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతున్నప్పుడు ఇరుసు సెకనుకు 40 చుట్లు తిరుగుతుంది. ప్రతి సిలిండరు రెండు చుట్లకొకసారి మండుతుంది. అంటే ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 20 దహనాలు, మొత్తం ఇంజనులో 80 దహనాలు. ఈ 80 తోపులు సమాన వ్యవధిలో, సమాన బలంతో వస్తున్నంతసేపూ మనిషి శరీరానికి అది నునుపైన గుంజులాటగానే తెలుస్తుంది. వాటిలో ఒక సిలిండరు తోపు లోపించినా, బలహీనపడినా సెకనుకు 20 సార్లు ఇరుసు కుంటుతుంది. సీటులోనూ, కంట్రోలు మీద ఉన్న చేతిలోనూ తెలిసే తడబాటు ఇదే.

ఈ లెక్క కేవలం వివరణకు కాదు, నిర్ధారణకూ పనికివస్తుంది. పంకా ఆకు అంచు రాయి తగిలి తెగినా, పంకా తూకం తప్పినా కూడా విమానం అదురుతుంది. అయితే ఆ అదురు చుట్టుకొకసారి, అంటే 2,400 చుట్ల దగ్గర సెకనుకు 40 సార్లు వస్తుంది. దానిలో శక్తి నష్టం ఉండదు. అది మిశ్రమాన్ని మార్చినా, మాగ్నెటోను మార్చినా మారదు. ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు పాతబడినా అంతే. లోపం ఇంజనులో ఉందా, ఇంజను చుట్టూ ఉందా అన్న మొదటి విభజన ఇక్కడ జరగాలి. చాలా హ్యాంగర్లలో ఈ ప్రశ్న వేయకుండానే స్పార్క్ ప్లగ్గులు విప్పుతారు.

3. రెండు మాగ్నెటోలు

విమాన ఇంజనులో ప్రతి సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులు ఉంటాయి. వాటికి విద్యుత్తునిచ్చే మాగ్నెటోలూ రెండు. బ్యాటరీతో నిమిత్తం లేకుండా ఇంజను తిరుగుడుతోనే అవి నిప్పురవ్వను పుట్టిస్తాయి. ఒకటి విఫలమైతే మరొకటి ఇంజనును నడిపించాలన్నది దీని మొదటి ఉద్దేశం. దానితోపాటు నిర్ధారణకు అమూల్యమైన సౌకర్యం కూడా కలిగింది. ఒక స్విచ్చు తిప్పి సగం జ్వలన వ్యవస్థను పక్కకు తప్పించి చూడవచ్చు.

ఎగరడానికి ముందు జరిపే పరీక్ష ఇదే. సెస్నా 152 చేతిపుస్తకం ప్రకారం 1,700 చుట్ల దగ్గర రెండు మాగ్నెటోల నుంచి ఒకదానికి మార్చినప్పుడు తగ్గుదల 125 చుట్లను మించకూడదు. రెండు మాగ్నెటోల తగ్గుదలల మధ్య తేడా 50 చుట్లను మించకూడదు. ఒకే ప్లగ్గుతో దహనం నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక కొంత తగ్గుదల సహజం. తగ్గుదల ఎక్కువగా ఉండి ఇంజను కుంటితే ఆ మాగ్నెటోకు చెందిన ఏదో ఒక ప్లగ్గు మండించడం లేదు. తగ్గుదల ఎక్కువగా ఉన్నా ఇంజను నునుపుగానే నడుస్తుంటే ప్లగ్గుల కన్నా మాగ్నెటో టైమింగును లేదా మిశ్రమాన్ని అనుమానించాలి. అసలు తగ్గుదలే లేకపోతే సంతోషించవలసిన పని లేదు. స్విచ్చు నుంచి మాగ్నెటోకు వెళ్లే తీగ తెగి, ఆపివేసిన మాగ్నెటో ఆగకుండా ఉండి ఉండవచ్చు. అటువంటి విమానం నిలిపి ఉంచినప్పుడు కూడా పంకాను చేత్తో కదిపితే ఇంజను అంటుకోగలదు. నేలపై మనుషులను చంపగలిగే లోపం ఇది.

ప్లగ్గు మానేయడానికి తరచూ కనిపించే కారణం సీసం. 100 ఎల్ఎల్ అనే నీలిరంగు విమాన పెట్రోలులో 'తక్కువ సీసం' అన్న పేరున్నా లీటరుకు 0.56 గ్రాముల వరకు సీసం ఉండవచ్చు. చిక్కటి మిశ్రమంతో, తక్కువ వేగంతో నేలపై ఎక్కువసేపు నడిపితే దహనపు వేడి చాలక సీసం చిన్నచిన్న పూసలుగా ప్లగ్గు లోపల పేరుకుంటుంది. కింది వరుస ప్లగ్గుల్లో నూనె కూడా చేరుతుంది కనుక మొదట చూడవలసినవి అవే. ఇంజను వేగాన్ని కొద్దిగా పెంచి, మిశ్రమాన్ని పలుచన చేసి కొద్దిసేపు నడిపితే చాలాసార్లు ఆ పూసలు కాలిపోతాయి. అలా తొలగకపోతే ప్లగ్గును విప్పి శుభ్రం చేసి, ఎలక్ట్రోడుల మధ్య ఖాళీని 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్యకు సరిచేయాలి. లోపలి నిరోధాన్ని కూడా కొలవాలి. అది 5,000 ఓమ్‌లను మించిన ప్లగ్గు పైకి ఎంత శుభ్రంగా కనిపించినా నమ్మదగింది కాదు.

గాలిలో ఉండగా ఈ పరీక్ష చేయవలసివస్తే ఒక జాగ్రత్త అవసరం. ఎంచుకున్న మాగ్నెటో పూర్తిగా చెడిపోయి ఉంటే ఇంజను ఒక్కసారిగా ఆగుతుంది. మండని ఇంధనం పొగగొట్టంలో చేరి, స్విచ్చు మళ్లీ తిప్పగానే అక్కడ పేలుతుంది. కనుక థ్రాటిల్ తగ్గించి మాత్రమే స్విచ్చు మార్చాలి.

4. ఎండలో మంచు

తెలుగు నేలపై విమాన ఇంజను తడబాటును చర్చించేటప్పుడు అన్నింటికన్నా తక్కువగా నమ్మబడే కారణం కార్బురేటరు మంచు. 25 డిగ్రీల గాలిలో మంచు ఎలా కడుతుందన్న సందేహం సహజమే. దానికి సమాధానం కార్బురేటరు నిర్మాణంలో ఉంది. గాలి సన్నని గొంతులోంచి వేగంగా దూసుకుపోయేటప్పుడు పీడనం తగ్గి చల్లబడుతుంది. అక్కడే పెట్రోలు ఆవిరవుతూ మరింత వేడిని గుంజుకుంటుంది. మట్టికుండలో నీరు చల్లబడటానికి కారణమైన ధర్మమే ఇది, కాకపోతే పెట్రోలు విషయంలో చాలా తీవ్రంగా పనిచేస్తుంది. ఈ రెండూ కలిసి కార్బురేటరు లోపలి ఉష్ణోగ్రతను 30 డిగ్రీలకు పైగా పడగొట్టగలవు. గాలిలోని తేమ గొంతు గోడలమీద, థ్రాటిల్ పలక మీద మంచుగా గడ్డకడుతుంది. అమెరికా పౌర విమానయాన సంస్థ పైలట్ల చేతిపుస్తకం ప్రకారం ఉష్ణోగ్రత 21 డిగ్రీలకు తక్కువగా, గాలిలో తేమ 80 శాతానికి మించి ఉన్నప్పుడు ఈ ప్రమాదం అత్యధికం. అయినా 38 డిగ్రీల ఎండలో, 50 శాతం తేమలో కూడా అది సాధ్యమేనని ఆ పుస్తకమే చెబుతుంది.

ఈ అంకెలను డెల్టాకు అన్వయించి చూడాలి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో రామచంద్రపురం పరిసరాల్లో ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. కాలువల మీద, చేల మీద పొగమంచు తేలుతుంది. పొగమంచు అంటేనే గాలి తేమతో నిండిపోయిందని అర్థం. అత్యధిక ప్రమాదమని పుస్తకం చెప్పిన పరిస్థితి ఇక్కడ ఏటా సహజంగా ఏర్పడేదే. వర్షాకాలంలో ఉష్ణోగ్రత హెచ్చినా తేమ తగ్గదు. శక్తి తగ్గించి దిగేటప్పుడు థ్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉంటుంది కనుక కొద్దిపాటి మంచు కూడా ఆ సందును మూసేస్తుంది. పెద్ద ఎత్తుల్లోని మేఘాల మంచుకు దీనికి సంబంధం లేదు. నిర్మలమైన ఆకాశంలోనూ ఇది ఏర్పడుతుంది.

దీని లక్షణం ఒక పద్ధతిలో బయటపడుతుంది. స్థిరమైన పంకా ఉన్న విమానంలో మొదట చుట్లు కొద్దికొద్దిగా తగ్గుతాయి. పైలటు అసంకల్పితంగా థ్రాటిల్‌ను కొంచెం ముందుకు తోస్తాడు. మళ్లీ తగ్గుతాయి, మళ్లీ తోస్తాడు. తడబాటు మొదలయ్యేది ఆ తరువాతే. మాగ్నెటో లోపం సాధారణంగా ఉన్నట్టుండి వస్తుంది, మంచు మెల్లగా వస్తుంది. ఈ ఒక్క తేడాను గమనించిన పైలటు సగం నిర్ధారణను పూర్తిచేసినట్టే.

విరుగుడు కార్బురేటరు హీట్. మీట లాగితే పొగగొట్టం చుట్టూ వేడెక్కిన గాలి కార్బురేటరులోకి వెళుతుంది. మంచు లేకపోతే చుట్లు కొద్దిగా తగ్గి, అక్కడే నిలకడగా ఉంటాయి. వేడిగాలి పలుచన కనుక ఆ తగ్గుదల తప్పదు. మంచు ఉంటే మొదట తగ్గి, కరిగిన నీరు సిలిండర్లలోకి పోతూ ఇంజను మరింత గట్టిగా కుంటి, ఆ తరువాత చుట్లు పెరుగుతాయి. శిక్షణలో ఉన్నవారు పొరబడేది సరిగ్గా మధ్యనున్న ఆ కొద్ది క్షణాల్లోనే. హీట్ లాగగానే ఇంజను మరింత పాడైందనుకుని మీటను వెనక్కి నెట్టేస్తారు. నిజానికి ఆ కుంటుడే మందు పనిచేస్తోందనడానికి గుర్తు. మీటను సగం లాగి వదలడం కూడా తప్పే, పూర్తిగా లాగాలి. ఆలస్యం చేస్తే మరో చిక్కు ఉంది. వేడి వచ్చేది ఇంజను పొగ నుంచి. ఇంజను ఆగిపోయాక ఆ వేడి ఎంతోసేపు మిగలదు. అంటే మందు అవసరం తీవ్రమైనకొద్దీ అది దొరకడం కష్టమవుతుంది.

అన్ని ఇంజనులూ దీనికి సమానంగా లోనుకావు. లైకమింగ్ ఇంజనుల్లో కార్బురేటరును నూనెతొట్టి అడుగున బిగిస్తారు. ఆ నూనె వేడి కొంత కాపాడుతుంది. సెస్నా 150లోని కాంటినెంటల్ ఓ-200 ఇంజనుకు ఆ రక్షణ లేదు. సెస్నా 172 కొత్త నమూనాల్లో కార్బురేటరే లేదు, ఇంధనాన్ని నేరుగా చిమ్మే పద్ధతి ఉంది. ఆ ఇంజను తడబడితే మంచు గొంతు కోసం వెతకడం వృథా.

5. మిశ్రమం: పీఠభూమి నుంచి డెల్టాకు

హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 531 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ బయలుదేరిన శిక్షణ విమానం తూర్పుగా 350 కిలోమీటర్ల దూరాన ఉన్న రాజమహేంద్రవరానికి వస్తున్నదనుకుందాం. పొడవైన ప్రయాణంలో, ఎత్తులో, పైలటు మిశ్రమాన్ని పలుచన చేస్తాడు. ఎత్తులో గాలి సాంద్రత తక్కువ కనుక ఇంధనం కూడా తగ్గించాలి. తూర్పుకనుమలు దాటి డెల్టా వైపు దిగుతున్నకొద్దీ గాలి చిక్కబడుతుంది. మిశ్రమాన్ని తిరిగి చిక్కగా మార్చడం మరచిపోతే సిలిండర్లకు ఇంధనం చాలదు. నాలుగు సిలిండర్లకూ ఇంధనం ఎన్నడూ సమానంగా అందదు కనుక అందరికన్నా పలుచన మిశ్రమం అందిన సిలిండరు మొదట కుంటుతుంది. అదే సమయంలో పొడిగాలిలోంచి తడిగాలిలోకి, ఎక్కువ శక్తి నుంచి తక్కువ శక్తికి మారడం వల్ల మంచు కట్టే పరిస్థితి కూడా ఏర్పడుతుంది. ఒకే లక్షణానికి రెండు కారణాలు ఒకేచోట ఎదురవుతాయి.

వేరుచేయడం ఎలా? కార్బురేటరు హీట్ ఇక్కడ రెండంచుల పరీక్ష. వేడిగాలి పలుచన కనుక అది మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. పలుచన మిశ్రమం వల్ల తడబడుతున్న ఇంజను కూడా హీట్‌తో వెంటనే కొంత కుదుటపడవచ్చు. మంచు అయితే కుదుటపడేముందు మరింత కుంటుతుంది. కనుక హీట్ లాగిన తరువాత వచ్చిన మార్పు వెంటనే వచ్చిందా, కుంటుడు తరువాత వచ్చిందా అన్నదే ఆధారం. మిశ్రమపు మీటను ముందుకు తోయగానే సర్దుకుంటే మంచు కాదని తేలుతుంది.

చిక్కదనం ఎక్కువైనా తడబాటే. తక్కువ వేగంలో మాత్రమే కుంటి, నల్లపొగ వస్తుంటే చల్లని ఇంజనును రాజేసే ప్రైమరు మీట సరిగా మూసి, తాళం పడిందో లేదో మొదట చూడాలి. అది కొద్దిగా తెరిచి ఉన్నా ఇంజను తక్కువ వేగంలో ఆ సందులోంచి పెట్రోలును గుంజుకుంటూనే ఉంటుంది. దీనికి విరుద్ధంగా గాలిగొట్టపు కీలు వదులైతే తక్కువ వేగంలో అదనపు గాలి చొరబడి మిశ్రమం పలుచనవుతుంది. వేగం పెంచితే తేడా తగ్గుతుంది. ఆ కీలు చుట్టూ నీలిరంగు మరక ఉంటే అది ఇంధనం కారిన ఆనవాలు.

తొట్టిలో నీరు గురించి కొద్దిమాటలు చాలు. తేమ ప్రాంతంలో సగం నిండిన తొట్టి గోడలపై రాత్రి నీరు చెమ్మగా పట్టి అడుగుకు దిగుతుంది. ఉదయం ప్రతి తొట్టి నుంచీ గ్లాసులోకి నమూనా తీసి నీలిరంగు పెట్రోలు కింద స్పష్టమైన నీటి పొర ఉందేమో చూడాలి. గ్లాసు మొత్తం నీరే వస్తే పొర కనిపించదు. అందుకే రంగును, వాసనను కూడా చూడాలి.

6. నేలపై వెతుకులాట

విమానం దిగిన తరువాత, తడబాటు ఇంకా ఉంటే, చల్లని సిలిండరు పరీక్ష మొదటిది. చెడ్డ మాగ్నెటోపై, తడబాటు బాగా తెలిసే వేగంలో ఇంజనును ఒక నిమిషం నడిపి, ఆపి, నాలుగు పొగగొట్టాల మొదళ్ల వేడిని పోల్చాలి. పరారుణ ఉష్ణమాపకం లేనిచోట నీటిచుక్క సరిపోతుంది. మూడింటి మీద చుయ్‌మని ఎగిరిపోయి, ఒకదానిమీద నిలబడితే లోపం ఆ సిలిండరుదే. ట్రాక్టరు మెకానిక్కు నట్టు వదులు చేసి తెలుసుకున్నదే ఇక్కడ నీటిచుక్కతో తెలుస్తోంది. ఆ సిలిండరు ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి మళ్లీ నడపాలి. చల్లదనం ప్లగ్గుతోపాటు కదిలితే ప్లగ్గు దోషం. కదలకపోతే తీగ, మాగ్నెటో, లేదా సిలిండరే.

సిలిండరును అనుమానించాల్సి వస్తే పీడన పరీక్ష ఉంది. పిస్టను పైకొసన ఉండగా చదరపు అంగుళానికి 80 పౌండ్ల గాలిని పంపి లోపల ఎంత నిలుస్తుందో చూస్తారు. నిలిచినది 60కి తక్కువైనా, సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 పౌండ్లు దాటినా లోతుగా పరిశీలించాలి. అంకె కన్నా చెవి ఎక్కువ చెబుతుంది. గాలి ఎక్కడ బుసకొడుతోందో వినాలి. పొగగొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలిగొట్టంలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, నూనె పోసే మూతి దగ్గర వినిపిస్తే పిస్టను రింగులు. ఈ పరీక్షలో పంకాను పట్టుకున్న మనిషి బలంగా, ఆధారం గట్టిగా ఉన్నచోట నిలబడి ఉండాలి. గాలి పీడనం పంకాను విసిరికొట్టగలదు.

పీడన పరీక్షలో చిక్కని లోపం ఒకటుంది. తెల్లవారి మొదటిసారి అంటించగానే ఇంజను ఒక నిమిషం కుంటి, వేడెక్కాక పూర్తిగా బాగైపోవడం. ఎగ్జాస్ట్ వాల్వు కాడకూ దాన్ని పట్టి ఉంచే గొట్టానికీ మధ్య సీసం, మసి గట్టిపడి వాల్వు ఇరుక్కుంటుందని దీని అర్థం. వేడెక్కాక వదులవుతుంది కనుక చాలామంది దీన్ని విస్మరిస్తారు. నిర్లక్ష్యం చేస్తే ఒకరోజు వాల్వు పూర్తిగా బిగుసుకుపోయి దాన్ని తోసే కడ్డీ వంగుతుంది. లైకమింగ్ సంస్థ తన 388వ సర్వీస్ బులెటిన్‌లో ఈ వాల్వు సందును కొలిచే విధానాన్ని నిర్దేశించింది.

ఇంధనాన్ని చిమ్మే రకం ఇంజనుల్లో నాజిలు మూసుకుపోవడం మరో మూలం. దానికి ఖర్చులేని పరీక్ష ఉంది. నాలుగు నాజిళ్లను విప్పి, ఒకే కొలత గల నాలుగు సీసాల్లోకి ఒకే సమయం పాటు ఇంధనాన్ని పట్టాలి. ఒక సీసా తగ్గితే ఆ నాజిలును శుభ్రం చేయాలి. సీసాల పక్కన మంటలనార్పే పరికరం ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

7. లాగ్ పుస్తకంలోని వాక్యం

మాగ్నెటో, వాల్వు, నాజిలు లోపాలు నేలమీదికి వచ్చినా చెక్కుచెదరవు. మంచు మాత్రం కార్బురేటరు గోడలమీద నీటిచుక్క కూడా మిగల్చకుండా పోతుంది. మెకానిక్కు ఇంజను నడిపి చూస్తాడు, అన్నీ సరిగ్గానే ఉంటాయి. టెక్నికల్ లాగ్‌లో పైలటు 'ఇంజను రఫ్‌గా నడిచింది' అని రాస్తాడు. దానికి ఎదురుగా 'నేలపై పరీక్షించగా సరిగా ఉంది' అని మెకానిక్కు రాస్తాడు. రెండు వాక్యాలూ నిజాలే. రెండింటినీ కలిపినా నిర్ధారణ రాదు. తరువాతి రోజు అదే తేమలో అదే విమానాన్ని ఇంకొకరు తీసుకువెళతారు, లేదా అనుమానం మీద నాలుగు మంచి ప్లగ్గులు పారేస్తారు.

ఎత్తు, బయటి ఉష్ణోగ్రత, థ్రాటిల్ స్థానం, చుట్లు మెల్లగా తగ్గాయా ఒక్కసారిగా పడ్డాయా, ఎడమ కుడి మాగ్నెటోల మీద విడివిడిగా ఏం జరిగింది, మిశ్రమం మీటకు ఇంజను ఎలా స్పందించింది, హీట్ లాగినప్పుడు మొదటి పది సెకన్లలో ఏమైంది అన్నవి ఆ వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు 'ఉదయం 7 గంటలకు, 2,000 అడుగుల ఎత్తున, బయట 19 డిగ్రీలు, దిగుతుండగా చుట్లు రెండు నిమిషాల్లో 150 తగ్గాయి, తడబాటు మొదలైంది, పూర్తి హీట్‌తో కుంటుడు ముందు పెరిగి తరువాత తగ్గుదల పోయింది' అని రాసిన పైలటు విషయంలో మెకానిక్కు ప్లగ్గు విప్పనవసరం లేదు. అతడు చూడవలసింది కార్బురేటరు హీట్ మీట తీగ చివరిదాకా కదులుతోందా, వేడిగాలిని పంపే తలుపు పూర్తిగా తెరుచుకుంటోందా, పొగగొట్టం చుట్టూ ఉన్న తొడుగు ఎక్కడైనా పగిలి వేడిని బయటికి వదులుతోందా అన్నది మాత్రమే.